బటన్ వెనక గది

ఆ బటన్ ఆకుపచ్చగా ఉండేది. దాని మీద తెల్ల అక్షరాలతో ‘డిప్లాయ్’ అని రాసి ఉండేది. నొక్కితే తెర మీద ఒక చిన్న పెట్టె బొమ్మ ఎడమ నుంచి కుడికి జారుకుంటూ పోయి మబ్బు బొమ్మలో దూరేది. దూరగానే మబ్బు చుట్టూ మెరుపులు, కింద ‘విజయవంతం’ అన్న మాట. ఆ బొమ్మ చేసింది నేనే. దాని వెనక ఏ పనీ జరగదని, నొక్కినా నొక్కకపోయినా ఒకటేనని తెలిసే చేశాను. 

రెండు వేల పద్దెనిమిది నాటి మాట. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో, ఒక మందుల దుకాణం పై అంతస్తులో మా ఆఫీసు. మొత్తం ఆరుగురం. మాది గరివిడి. ఆదివారం ఇంటికెళ్లి సోమవారం పొద్దున్నే వచ్చేయగలిగే దూరంలో కంప్యూటర్ ఉద్యోగం దొరికిందని అప్పట్లో నాకు గొప్పగానే ఉండేది.

రెండు జిల్లాల్లో రక్తపరీక్షల ల్యాబులు నడిపే ఒక డాక్టరు గారికి మేం సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లం. ఎవరైనా ల్యాబులో రక్తం ఇస్తే ఆ రిపోర్టు మా ప్రోగ్రాం ద్వారానే ప్రింటయ్యేది. ప్రోగ్రాంలో చిన్న మార్పు చేసినా దాన్ని తీసుకెళ్లి క్లౌడ్‌లో, అంటే ఎక్కడో అద్దెకు తీసుకున్న కంప్యూటర్ల గుంపులో పెట్టాలి. ఆ గుంపుని క్లస్టర్ అనేవాళ్లం. ప్రోగ్రామునీ, దానికి కావలసిన సరంజామానంతటినీ ఒకే పెట్టెలో సర్దితే అది కంటైనర్. పాత పెట్టె దించి కొత్త పెట్టె ఎక్కించాలి, డిప్లాయ్ అంటే అదే. అది కూడా ల్యాబుల్లో పని ఒక్క నిమిషం ఆగకుండా జరగాలి. చేత్తో చేస్తే ముప్పై పైచిలుకు కమాండ్లు ఒకదాని తర్వాత ఒకటి టైపు చేయాలి. అవన్నీ ఒక ఫైల్లో రాసిపెట్టి, కంప్యూటరే పెట్టెను పరీక్షించి, బాగుంటేనే ఎక్కించేలా చేయడాన్ని ఆటోమేషన్ అంటారు. మా దగ్గర అది లేదు. మా దగ్గర ఒక అక్క ఉండేది.

అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది. వాళ్ల నాన్నగారు మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారుగా చేశారు. ఆదివారాలు చర్చిలో పాటలు పాడేది కాబట్టి గొంతు బాగుండేది. కమాండ్లు టైపు చేసేటప్పుడు మాత్రం ఆ గొంతు బయటికి రానిచ్చేది కాదు, పెదాలు కదుపుతూ ఒక్కొక్కటీ రెండేసి సార్లు చదువుకుని, అప్పుడు ఎంటర్ కొట్టేది. అన్నీ ఒక రూళ్ల పుస్తకంలో రాసుకుంది. ఆమె చేతిలో రెండేళ్లలో ఒక్కసారి కూడా తప్పు జరగలేదు.

“సార్, మూడు వారాలు నాకు వేరే పని సెప్పకండి. మొత్తం ఆటోమేషన్ సేసి ఇస్తాను. మనిషి చెయ్యి ఎప్పుడో ఒకప్పుడు తప్పుతాది,” అని ఆమె మా యజమానిని నా ఎదురుగానే కనీసం నాలుగుసార్లు అడిగింది.

“ఇప్పుడు నడుస్తన్నాది కదా తల్లీ. నడుస్తన్న దాన్ని కెలకడం దేనికి?” అనేవాడు ఆయన.

మా యజమానికి ఎప్పుడూ కిళ్లీ నోట్లో ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ లేచి వెళ్లి ఆఫీసు వాష్‌బేసిన్‌లో ఉమ్మి వచ్చి మళ్లీ అదే మాట దగ్గర మొదలుపెట్టేవాడు. బేసిన్ అంచు ఎప్పుడూ ఎర్రగా ఉండేది. అందులోనే మేం టిఫిన్ బాక్సులు కడుక్కోవాలి. ఆ మనిషిని తలుచుకుంటే నాకు ముందు ఆ ఎర్ర మరకే గుర్తొస్తుంది.

ఒకరోజు ఆయన హైదరాబాద్‌లో ఏదో సభకి వెళ్లొచ్చాడు. వచ్చీ రాగానే నన్ను పిలిచాడు.

“ఒరే, ఆటోమేటిక్ డిప్లాయ్‌మెంట్ మన దగ్గర రెడీగా ఉన్నాదని డాక్టరు గారికి సెప్పేసినాను. వచ్చే వారం విజయనగరంలో సూపించాల.”

“మన దగ్గర లేదు కదా సార్.”

“లేకపోతే? తెర మీద బటన్ ఒకటి పెట్టు. నొక్కితే ఏదో కదలాల. వెనక గదిలో అమ్మాయి కూర్చుని టైపు సేసేస్తాది. ఆయనకేటి తెలుస్తాది?”

ఇంకొన్ని వారాల గడువు అడగాల్సింది. అసలు చేయనని చెప్పాల్సింది. నేను రెండు రోజులు కూర్చుని పెట్టె బొమ్మ గీశాను. మబ్బు చుట్టూ మెరుపులు ఆయన అడగలేదు, నేనే సొంతంగా పెట్టాను.

విజయనగరంలో ఒక హోటల్ మీటింగ్ హాలు తీసుకున్నారు. హాలుకి వెనక తలుపు ఒకటి, దాని అవతల వంటగది వాళ్ల సామాన్ల గది. అక్కనీ నన్నూ అందులో కూర్చోబెట్టారు. ఉల్లిపాయల బస్తాలు, తడి మాపు, ముందురోజు పెళ్లిలో మిగిలిన సాంబారు బకెట్టు ఒకటి. ఆ వాసనకి నేను చొక్కా కాలరు ముక్కు మీదికి లాక్కున్నాను. అక్క ఒక బస్తా మీద కూర్చుని ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుంది.

“మన ఆటోమేషన్ సూడు తమ్ముడూ. ఉల్లిపాయల మీద కూర్చున్నాది,” అంది. నవ్వలేదు.

పథకం ఏమిటంటే, ఆయన బటన్ నొక్కే ముందు నాకు మిస్డ్ కాల్ ఇస్తాడు. నేను అక్కకి చెబుతాను. ఆమె సిద్ధంగా ఉంచిన చివరి నాలుగు కమాండ్లు కొడుతుంది. ఆ హాల్లోని తెర మీద రిపోర్టు పేజీ రంగు మారుతుంది. ఇదంతా మేం సాధన కోసం పెట్టుకున్న క్లస్టర్‌లో జరుగుతుంది. ల్యాబులు నడిచే అసలు క్లస్టర్ వేరు, దాన్ని లైవ్ అనేవాళ్లం.

మిస్డ్ కాల్ వచ్చింది. అక్క కొట్టింది. హాల్లో చప్పట్లు వినిపించాయి. అంతటితో అయిపోయిందనుకున్నాను. అప్పుడు డాక్టరు గారి గొంతు తలుపు సందులోంచి వినబడింది.

“బాగుందండి. ఇది నిజంగా మా ల్యాబుల్లో మారిందా? లేక ఇక్కడ బొమ్మ చూపిస్తున్నారా?”

“ల్యాబుల్లోనే సూపిస్తాను సార్, ఎంతసేపు!” అన్నాడు మా యజమాని. ఆ వెంటనే నా ఫోనులో మెసేజీ: లైవ్‌లో కొట్టమను.

అక్కకి చూపించాను. ఆమె తల అడ్డంగా ఊపింది. “ఈ పెట్టెలో ప్రాక్టీసు సెట్టింగులు ఉన్నాయి. ఇది లైవ్‌కి ఎక్కితే అసలు రోగుల అంకెల బదులు మన దొంగ అంకెలు వస్తాయి. మార్చి, ఒకసారి సరిచూడాల. పావుగంట అడుగు.”

నేను మెసేజీ పెట్టాను. జవాబు రాలేదు. ఆయనే తలుపు తోసుకుని వచ్చాడు, ఫోను మాట్లాడుతున్నట్టు నటిస్తూ.

“ఏటి ఆలీసం?”

“పావుగంట సార్,” అంది అక్క.

“పావుగంట ఆయన్ని కూర్చోబెట్టి ఏటి సెప్పమంటావు? కొట్టు.”

“తప్పు రిపోర్టులు వస్తాయి సార్. రోగులవి.”

“పది నిమిషాల్లో వెనక్కి మార్చేద్దువు గాని. ఏటైనా అయితే నాది పూచీ. ఈడు సాక్షి. కొట్టు.” ఈడు అంటే నేను. సాంబారు బకెట్టు వైపు చూసి ముఖం చిట్లించి వెళ్లిపోయాడు.

అక్క కొట్టింది. కొట్టేముందు రెండుసార్లు చదువుకోలేదు. హాల్లో మళ్లీ చప్పట్లు.

పది నిమిషాల్లో వెనక్కి మార్చలేకపోయింది. ఆయన హాల్లో తెర మీద ఇంకా ఏదో చూపిస్తూ, తను చెప్పేదాకా ముట్టుకోవద్దని మెసేజీ పెట్టాడు. ఆ తర్వాత ఆ సామాన్ల గదిలోకి ఫోన్ సిగ్నల్ మీద నడిచే ఇంటర్నెట్ రావడం మానేసింది. అక్క లాప్‌టాప్ పట్టుకుని హోటల్ మెట్లు ఎక్కుతూ దిగుతూ చివరికి మేడ మీద సిగ్నల్ దొరకబుచ్చుకుని సరిచేసేసరికి గంటన్నర దాటింది. ఆ గంటన్నరలో ల్యాబుల్లో ప్రింటైన ప్రతి కాగితం మీదా పేరు సరిగ్గానే వచ్చింది. పేరు కౌంటర్‌లో టైపు చేస్తారు కదా. కింద అంకెలు మాత్రం నావి. ప్రాక్టీసు కోసం నేను కల్పించి పెట్టినవి. తెర మీద ఎర్ర రంగు కనిపిస్తుందో లేదో చూడటానికి కావాలని మనిషి బతకనంత ఎక్కువగా పెట్టినవి కూడా వాటిలో ఉన్నాయి.

తప్పు కాగితాలు వెనక్కి తీసుకురమ్మని నన్ను ఆటోలో ఆ ఊళ్లోనే ఉన్న ల్యాబుకి తోలారు. అక్కడ మెట్ల మీద ఒకామె కూర్చుని ఉంది. పక్కన ఖాళీ చేపల గంప. భోగాపురం అవతల సముద్రపు ఒడ్డు ఊరి నుంచి చేపలు తెచ్చి, అమ్ముకుని, కాళ్లు లాగుతున్నాయని పరీక్ష చేయించుకున్న మనిషి. చేతిలో మా కాగితం.

“బాబూ, నువ్వు డాకటేరువేటి?” అని అడిగింది.

“కాదమ్మా.”

“నా కిడ్నీలు పోయినాయంట. మందుల షాపాయన సదివి సెప్పినాడు. ఇంకెన్నాల్లో ఉండవు, బేగి పెద్దాసుపత్రికెల్లు అన్నాడు. నాకు ఒంట్లో ఏటీ నేదు బాబూ. కాల్లు లాగుతన్నాయని ఒచ్చినాను, అంతే.”

“ఆ కాగితం తప్పమ్మా. మీ కిడ్నీలకి ఏమీ కాలేదు. ఇలా ఇవ్వండి, కొత్తది ఇప్పిస్తాను.”

ఆమె ఇవ్వలేదు. గుప్పిట్లో ఇంకా గట్టిగా పట్టుకుంది. “తప్పేటి? నా పేరే ఉన్నాది కదా దీని మీద. మా కూతురికి ఫోను సేసి ఏడిసినాను. అది పన్లోంచి లేసి ఒస్తన్నాది. తప్పైతే ఎవులు సేసినారు?”

“కంప్యూటరమ్మా,” అన్నాను.

“కంపూటరు దానికదే సేసేస్తాదా? ఎనకాల మనిషుండడేటి?”

 ఆమె నన్ను కింద నుంచి పైదాకా చూసింది. తర్వాత నా చెప్పు పక్కన ఉమ్మింది. “అబద్దం కాయితాలు గుద్దుతారు. మీ ఇంటోల్లకి సూపించుకోండి ఇలగటివి.”

ల్యాబు కుర్రది కొత్త రిపోర్టు తెచ్చి చేతిలో పెట్టి, చదివి వినిపించి, అంతా బాగానే ఉందని చెప్పాక కూడా ఆమె నమ్మలేదు. రెండు కాగితాలూ పక్కపక్కన పట్టుకుని, ఏది నిజమో ఎలా తెలుస్తుందని అడిగింది. రెండూ ఒకేలా ఉన్నాయి. ఒకే అక్షరాలు, పైన అదే డాక్టరు గారి పేరు, కింద అదే సంతకం బొమ్మ. ఆమె ప్రశ్న సరైనదే.

ఆ సాయంత్రం నాలుగింటికి డాక్టరు గారి గదిలో కూర్చున్నాం. ఆయన, మా యజమాని, అక్క, నేను. యజమాని నోట్లో ఆ ఒక్కసారి కిళ్లీ లేదు.

“మానవ తప్పిదం సార్,” అన్నాడు మా యజమాని, పత్రికల్లో రాసే తెలుగులో. “మా సిస్టమ్‌లో ఏ లోపమూ లేదు. మధ్యలో మనిషి చెయ్యి పెట్టింది. అందుకే నేను పూర్తి ఆటోమేషన్ అంటున్నాను.”

డాక్టరు గారు అక్క వైపు చూడలేదు. నా వైపు తిరిగారు. “నువ్వు అక్కడే ఉన్నావు కదా బాబూ. ఏం జరిగింది?”

నా జేబులో ఫోనుంది. అందులో ‘లైవ్‌లో కొట్టమను’ అన్న మెసేజీ ఉంది. తీసి బల్ల మీద పెడితే చాలు, మాట కూడా అక్కర్లేదు. మా యజమాని నా వైపు చూస్తూ ఉన్నాడు, బెదిరింపుగా కూడా కాదు, నేనేం చెబుతానో ముందే తెలిసినవాడిలా.

“చేతి పొరపాటు సార్,” అన్నాను.

అక్క మా యజమానిని చూడలేదు. నన్ను చూసింది. కోపం ఉంటే బాగుండేది. ఆమె ముఖంలో చిరాకు లాంటిది కనిపించింది. అన్నంలో వెంట్రుక వచ్చినప్పుడు పళ్లెం పక్కకి జరిపే ముందు ఎలా చూస్తామో, అలా.

మర్నాడు డాక్టరు గారికి పంపడానికి క్షమాపణ పత్రం రాయమని మా యజమాని అక్కని అడిగాడు. ఆమె రెండే వాక్యాలు రాసింది: ‘కమాండ్ కొట్టింది నేను. కొట్టమన్నది ఎవరో కొట్టమన్నవారికి తెలుసు.’ ఆయన దాన్ని చింపి డస్ట్‌బిన్‌లో వేశాడు. ఆ వారమే ఆమె మానేసింది. వెళ్తూ రూళ్ల పుస్తకం నా బల్ల మీద పెట్టింది. నేనేదో అనబోయాను. “నీకోసం కాదు. రేపు మళ్లీ ఎవులికో తప్పు కాగితం వెళ్లకూడదు. అందుకు,” అంది.

అసలైన ఆటోమేషన్ నేను ఆ పుస్తకం చూసే చేశాను. రెండు నెలలు పట్టింది. కమాండ్ల పక్కన ఆమె ఎక్కడెక్కడ జాగ్రత్తపడాలో చిన్న అక్షరాలతో రాసుకుంది. ఆ జాగ్రత్తలన్నీ నేను పరీక్షలుగా మార్చాను. ఇప్పుడు కొత్త ప్రోగ్రాం రాగానే కంప్యూటరే పెట్టె కట్టుకుంటుంది. అందులో ప్రాక్టీసు సెట్టింగులుంటే ఎక్కించనని ఆగిపోతుంది. బాగుంటే పాత పెట్టెల్ని ఒక్కొక్కటిగా దించుతూ కొత్తవి ఎక్కిస్తుంది. కొత్తది తడబడితే తనే పాతదాన్ని వెనక్కి తెస్తుంది. మొత్తం పదకొండు నిమిషాలు. మొదటిసారి దానంతట అది పూర్తయినప్పుడు నేను గాలి పీల్చుకున్నాను. ఆ తర్వాత, ఈ పని మూడు వారాల్లో చేస్తానని ఆమె అన్నప్పుడే చేయనిచ్చి ఉంటే అన్న ఆలోచన వచ్చింది. లేచి వెళ్లి ముఖం కడుక్కుందామనుకున్నాను. ఆ ఎర్ర బేసిన్ చూసి వెనక్కి వచ్చేశాను.

కొన్నాళ్లకి మా యజమాని ఇంకో కస్టమర్‌ని పట్టాడు. భోగాపురం దగ్గర సముద్రం వైపున్న ఒక రిసార్ట్‌లో ప్రదర్శన. ఈసారి వెనక గది అక్కర్లేదని, అంతా నిజమేనని నేను కొంచెం ధైర్యంగా వెళ్లాను. వాళ్లు రాకముందు మా యజమానికి నడిపి చూపించాను. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వరసలు వరసలుగా దిగుతున్నాయి. ఆయన రెండు నిమిషాలు చూసి విసుక్కున్నాడు.

“ఇదేటిరా, సీమల బారులాగ? ఆ పెట్టె బొమ్మేది?”

“ఇది నిజంగా జరుగుతున్నది సార్. అది బొమ్మే కదా.”

“నిజందయితే మాత్రం సూడ్డానికి ఏటున్నాది ఇందులో? పదకొండు నిమిషాలు ఎవుడు సూస్తాడు? బొమ్మ పెట్టు. ఇది ఎనకాల నడవనీ, నడవకపోనీ.”

“ఇప్పుడు నిజంది ఉంది కదా సార్. ఇప్పుడు కూడా అబద్ధమేనా?”

“నీకు సాత్రం ఎక్కువైనాది,” అని పక్కనున్న పూలకుండీలో ఉమ్మాడు. బంతి మొక్క ఆకుల మీద ఎర్రగా జారింది. “వాళ్లు ఒచ్చే టైమైనాది. బొమ్మ పెట్టు.”

ఏదో పెద్ద మాట అని వచ్చేశానని చెప్పుకోవాలనుంటుంది. అలా జరగలేదు. లాప్‌టాప్ మూసి ఆయన ముందు పెట్టి, బయటికి నడిచాను. విమానాశ్రయం వస్తుందని ఆ చుట్టుపక్కలంతా హద్దు రాళ్లు పాతి ఉంచారు. వాటి మధ్యనుంచి హైవే దాకా నడిచి, విజయనగరం బస్సెక్కి, తిన్నగా డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. గంటసేపు రోగులతో పాటు బెంచీ మీద కూర్చున్నాక లోపలికి పిలిచారు. మొత్తం చెప్పాను. వెనక గది, బొమ్మ, మెసేజీ, ఆ రోజు నేను చెప్పిన అబద్ధం. ఫోను తీసి చూపించాను.

ఆయన కళ్లజోడు తీసి మెసేజీ చదివారు. ఫోను తిరిగిచ్చారు.

“ఆ రోజే నాకు అనుమానం వచ్చింది,” అన్నారు. “ఎవరో ఒకరి పేరు చెప్తే ఆ ఫైలు మూసేయొచ్చు కదా అని ఊరుకున్నాను. ఇప్పుడు రిపోర్టులు సరిగ్గా వస్తున్నాయి కదా?”

“వస్తున్నాయి సార్.”

“మరి ఇంకేం? ఆ అమ్మాయి ఎక్కడో చేస్తూనే ఉంటుంది. వెళ్లిరా.” బెల్లు కొట్టి తర్వాతి రోగిని పిలిచారు.

నేను అంత దూరం మోసుకొచ్చిన నిజానికి ఆయన బల్ల మీద చోటు లేదు. రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాను. యజమాని మీద అసహ్యం పాతదే. దాని పక్కన ఇప్పుడు ఈయన మీద కూడా చేరింది. ఇద్దరినీ కలిపినా నా మీద ఉన్నంత కాలేదు. ఎందుకంటే ఆ గదిలో నన్నొక్కణ్నే ప్రశ్న అడిగారు.

అక్కకి ఫోను చేశాను. అప్పటికి ఆమె విశాఖపట్నంలో ఒక పెద్ద కంపెనీలో చేరి ఇదే పని చేస్తోంది. మధ్యాహ్నం భోజనం దగ్గరున్నట్టుంది, గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. ఉద్యోగం వదిలేశానని, డాక్టరు గారికి అంతా చెప్పేశానని గబగబా చెప్పాను.

“ఏటన్నాడు?” అని అడిగింది.

చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

“మరి నాకెందుకు సెప్తన్నావు తమ్ముడూ?”

“నీకు తెలియాలని అక్కా.”

“నాకు తెలియనిదేటున్నాది ఇందులో? ఆ గదిలో నలుగురం ఉన్నాం. అప్పుడు సెప్పాల్సిన మాట ఇది. ఇప్పుడు ఆయన ఫ్యాను కింద కూర్చుని ఇంటే నాకేటి, ఇనకపోతే నాకేటి?” గిన్నె పక్కకి జరిపిన చప్పుడు. “ఆ సంగతి ఇక్కడి ఇంటర్వ్యూలో కూడా అడిగినారు. ల్యాబు రిపోర్టులు తప్పు కొట్టిన అమ్మాయివి నువ్వేనా అని.”

“నేను వాళ్లకి ఫోను చేసి చెప్తానక్కా.”

“ఒద్దు. నానే సెప్పుకున్నాను. నమ్మినారు.” ఎవరో ఆమెని పిలిచారు, వస్తున్నానంది. మళ్లీ నాతో, “మానేసినావు. మంచిదే. మనసు తేలికపడినాదా?”

“లేదక్కా.”

“పడకూడదు,” అంది, తిట్టినట్టు కాదు, మామూలుగానే. ఫోను పెట్టేసింది.